సుడి మామ ఏరిన ఆటగాళ్లు

ఆ రోజుల్లో మనిషికి ఇరవై రెండేళ్లు నిండి, చేతిలో బీకాం పట్టా ఉంటే చాలు, లోకంలో ఎవరు ఏ పని తప్పుగా చేస్తున్నారో చెప్పే అధికారం దానంతటదే వచ్చేసేది. ఎవరూ ఇవ్వక్కర్లేదు, ఎవరూ అడగక్కర్లేదు. ఇప్పటి కుర్రవాళ్లకు కూడా ఆ అధికారం ఉన్నట్టే కనిపిస్తోంది గానీ, చూసి నవ్వడానికి నాకే ఓపిక చాలడం లేదు. ఈమధ్య టీవీలో పెద్దపెద్దవాళ్లు సూట్లు వేసుకుని కూర్చుని ఆటగాళ్లను ఏరుకునే తతంగం చూపిస్తున్నారు. వాళ్ల తర్వాత ఇంకో నలుగురు వచ్చి, ఫలానావారు బాగా ఏరారు, ఫలానావారు అవకాశం పాడుచేసుకున్నారు అని మార్కులు వేస్తారు. మా ఇంట్లో అందరూ కళ్లప్పగించి చూస్తారు. నేను పది నిమిషాలు చూసి, వెళ్లి నడుం వాలుస్తాను. ఆటగాళ్లను ఏరే పని నేను రెండేళ్లు చేశాను. ఏరినవాళ్లకు మార్కులు వేసే పని ఒకే ఒక్క ఎండాకాలం చేశాను. ఆ ఎండాకాలం అలసట ఇంకా తీరలేదు.

అది అరవైల నాటి మాట. బుచ్చిరెడ్డిపాలెంలో ఒక బియ్యం మిల్లులో నేను గుమస్తాని. మిల్లు యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం (అప్పటికి ఆయనకు నలభై కూడా లేవు, మిల్లే పెద్దది). ఆయన కుర్రతనంలో చదువుకని మద్రాసు వెళ్లి, చదువు అక్కడే వదిలేసి, ఫుట్‌బాల్ పిచ్చి ఒక్కటి వెంట తెచ్చుకున్నాడు. మిల్లు పేరుతో జట్టు పెట్టాడు. ఆటగాళ్లు పేరుకి వాచ్‌మన్‌లు, కాటా వేసేవాళ్లు. జీతం ఇచ్చేది మిల్లు, చేసే పని బంతి తన్నడం. ఇట్లాంటి జట్టే నెల్లూరులో ఒక బస్సుల యజమానికీ, గూడూరులో ఒక మైకా గనుల ఆసామికీ ఉండేది. మొదట్లో ఒకరి ఆటగాళ్లను ఒకరు ఎత్తుకుపోయేవారు. పొద్దున మా జట్టులో టిఫిను తిన్నవాడు సాయంత్రం నెల్లూరు చొక్కాతో మైదానంలో కనిపించేవాడు. చివరికి ముగ్గురూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ముగ్గురూ పుట్టుకతో రైతులు కాబట్టి వాళ్లకు తెలిసిన న్యాయం ఒక్కటే, కాలువ నీళ్ల వంతు. ఏటా ఎండాకాలంలో నెల్లూరులో మూడు రోజులు కొత్తవాళ్లను ఆడించి చూడాలి. నాలుగో రోజు ఒక హోటలు మేడ మీద కూర్చుని, వంతుకి ఒక్కణ్ని చొప్పున, ఒక్కో జట్టు నాలుగు వంతులు ఏరుకోవాలి. ఏరుకున్నవాళ్లను రమ్మని ఇంటికి పోస్టుకార్డు రాయాలి. కాలువ చివరి పొలమే ముందు ఎండుతుంది కనక, కిందటేడు అందరికంటే ఎక్కువ ఓడిన జట్టు ముందుగా ఏరుకుంటుంది. ఆ ఎండిపోయే పొలం ఏటా మాదే.

మా తరఫున ఏరేది మా మేనమామ. ఊరంతా ఆయన్ని సుడి మామ అనేవారు. ఆయన అసలు పని పెద్దాయన పశువుల కొట్టం చూసుకోవడం, సంతల్లో ఎద్దుల్ని కొనడం. నడక చూసి, గిట్టలు చూసి, ఒంటి మీద సుడి ఎక్కడుందో చూసి, ఈ ఎద్దు ఎన్నేళ్లు పనికొస్తుందో చెప్పేవాడు. ఎద్దుల్ని ఏరగలిగినవాడు మనుషుల్ని ఏరలేడా అని పెద్దాయన ఆటగాళ్ల పని కూడా ఆయనకే అప్పగించాడు. మామ ఆ నమ్మకాన్ని వమ్ము చేయకుండా, ఆటగాళ్లను కూడా ఎద్దుల్ని చూసినట్టే చూసేవాడు. పిక్కలు నొక్కేవాడు. పది అడుగులు అటూ ఇటూ నడిపించేవాడు. చివర్లో తల వంచమని, జుట్టులో సుడి వెతికేవాడు. బంతి తన్నించి చూడడం ఒక్కోసారి మర్చిపోయేవాడు. నేను నవ్వితే, "బంతిదేముందిరా, అది తోలు. తన్నే కాలు గదా చూడాల్సింది" అనేవాడు.

ఏడాది పొడుగునా పెద్దాయన ఎదుట మామ నిలబడే మాట్లాడేవాడు. వంతుల రోజున మాత్రం ఆ హోటలు మేడ మీద, ముగ్గురు యజమానుల పక్కన, మామకి కూడా కుర్చీ వేసేవారు. ఏడాదికి ఒక్క పూట. ఆ పూట కోసం ఆయన పది రోజుల ముందునుంచీ సరిగ్గా అన్నం తినేవాడు కాదు. మా అమ్మ అయితే, తన తమ్ముడు షావుకార్లతో సమానంగా కుర్చీలో కూర్చుంటాడని పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ చెప్పని చుట్టం లేదు. నాకు మిల్లులో ఉద్యోగం వేయించింది కూడా మామే. ఆ మాట ఇక్కడే చెప్పేయడం మంచిది, తర్వాత చెబితే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

నేను చేరిన రెండో ఏడు, ఆ ఏడాది కూడా మాదే ఆఖరి స్థానమని తేలిపోయాక, పెద్దాయన ఒక మధ్యాహ్నం మిల్లులో అందర్నీ నిలబెట్టి అడిగాడు, మనం ఏరడం తప్పా, ఆడడం తప్పా అని. అందరూ నేల చూశారు. నేను మాత్రం, ఎవరూ నా పేరెత్తకపోయినా, గొంతు సవరించుకున్నాను. గెలుపోటములు చూసి ఏరడం మంచిదో చెడ్డదో చెప్పలేమన్నాను. మనం ఒకణ్ని ఏరిన క్షణానికి ఇంకా ఎవరెవరు మిగిలి ఉన్నారు, మన వెనక వంతువాళ్లు ఎవర్ని తీసుకున్నారు, ఆ తర్వాత వాడెట్లా ఆడాడు, మనవాడెట్లా ఆడాడు, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడాలన్నాను. అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే సరైన పద్ధతి అనుకుంటాను. పెద్దాయనకి కూడా బాగా నచ్చింది. "అయితే నువ్వే చూసి రాయి, నాలుగేళ్లదీ రాయి. ఏరేది బాగలేదని తేలితే ఈసారి మీ మామని కొట్టం కాడే ఉండమందాం" అన్నాడు. మామ పక్కనే ఉన్నాడు. మేనల్లుడు నలుగురిలో ఇంగ్లీషు చదువు మాటలు మాట్లాడాడని ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ చివరి మాట ఆయనకు పూర్తిగా వినిపించలేదనుకుంటాను.

మూడు జట్లు, నాలుగేళ్లు, నలభై ఎనిమిది పేర్లు. ఒక పెద్ద నోటు పుస్తకంలో గళ్లు గీసి బయల్దేరాను. పొద్దున బస్సులో పెన్న దాటి నెల్లూరు, అక్కణ్నుంచి రైల్లో గూడూరు. ఎండలో మైదానం గట్టు మీద కూర్చుని ఎవరు ఎన్నిసార్లు బంతి వదిలేశారో గీతలు పెట్టడం, రాత్రికి ఇంటికొచ్చి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకోవడం. ఫుట్‌బాల్ చూస్తే మనిషికి ఉత్సాహం వస్తుందంటారు. గీతలు పెడుతూ చూస్తే నీరసం వస్తుంది. రెండో వారానికి నాకు బంతి ఎటు పోతే ఏమిటనిపించసాగింది. ఆటగాళ్లలో చాలామందికి నాలుగేళ్లుగా అట్లాగే అనిపిస్తోందని కూడా ఆ రెండో వారంలోనే కనిపెట్టాను.

గళ్లు నిండేకొద్దీ మామ పరిస్థితి దిగజారింది. మొదటి ఏడాది మొదటి వంతులో ఆయన ఏరిన మహానుభావుడికి పిక్కలు స్తంభాల్లా ఉండేవి, వాడు ఆటంతా ఆగకుండా పరుగెత్తేవాడు, కానీ బంతి ఉన్న దిక్కుకి కాదు. వాడి తర్వాత నెల్లూరువాళ్లు తీసుకున్న బక్కవాడు ఆ నాలుగేళ్లూ వాళ్ల జట్టుకి ప్రాణం. ఇంకొకడికి సుడి అమోఘంగా ఉందని తీసుకున్నాడు. మిల్లు భోజనం పడి వాడు ఆర్నెల్లలో చొక్కా గుండీలు పట్టని స్థితికి వచ్చాడు, అప్పుడు వాణ్ని నిజంగానే కాటా దగ్గర కూర్చోబెట్టేశారు. ఇంకొకడు మూడో ఆటకే పెళ్లి కుదిరిందని వెళ్లి మళ్లీ రాలేదు (సుడి చూసినవాడికి ఆ సంగతి తెలియాలి కదా అని నా వాదన). అందరిలోకీ ఒక్కడే తేలాడు, గోల్‌కీపరు మస్తాన్. రెండేళ్ల కిందట మూడో వంతులో ఏరినవాడు. వాడి చేతుల్లో పడిన బంతి జారడం నేను చూడలేదు. వాడే లేకపోతే మేము ఒక్కో ఆటలో ఇంకెన్ని గోల్స్ తినేవాళ్లమో చెప్పలేను. వాడి తర్వాత మిగతా ఇద్దరూ ఏరుకున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా ఎవరికీ తెలియదు. ఈ ఒక్క గడిని ఎర్ర సిరాతో చుట్టాను. ముగ్గురు యజమానులూ రెండు వంతులు వదిలేసిన మనిషిని పట్టుకున్న చూపు ఇది అని రాసి, మామ కుర్చీ నిలబెట్టవచ్చనుకున్నాను. నిజానికి చాలా సంతోషించాను కూడా.

ఆ మర్నాడే గూడూరులో, ఆట అయ్యాక, వాళ్ల ముందు వరుస ఆటగాడొకడు నా నోటు పుస్తకం చూసి దగ్గరికి వచ్చాడు. ఆరోజు మా మీద రెండు గోల్స్ కొట్టింది అతనే. పేరు అడిగితే మస్తాన్ అన్నాడు. ఊరు కోట అన్నాడు. మా ప్రాంతంలో ఇది వింతేం కాదు. దర్గాకి మొక్కుకుని కన్న పిల్లలకు హిందువులూ ముస్లింలూ అందరూ ఆ పేరే పెట్టుకుంటారు, కోటలో అయితే వీధికి ఇద్దరుంటారు. కానీ అతను అక్కడితో ఆగలేదు. "రెండేళ్ల కింద మీ మిల్లోళ్లు మూడో వంతులో నన్నే ఏరినారని అందురూ చెప్పినారు. చొక్కాలు మడిచి పెట్టుకొని కార్డు కోసరం కాచుకోనుండా. రాలా" అన్నాడు. ఆ మరుసటేడు గూడూరువాళ్లు మొదటి వంతులోనే తీసుకున్నారట. మేము తనను కావాలనే వద్దనుకున్నామని అతని కోపం. మా మీద ఆడేటప్పుడు ఎక్కువ గోల్స్ ఎందుకు కొడతాడో అప్పుడర్థమైంది.

తిరిగొచ్చి మా మస్తాన్‌ని అడిగాను. అతను ఏమీ దాచలేదు. తనది కోటే, పని కాలువ పడవల్లోంచి ఇంటి పెంకులు దింపడం. పడవలోవాడు రెండేసి పెంకులు కలిపి విసిరితే గట్టు మీద నిలబడి పట్టుకోవాలి, జారితే పగులుతుంది. ఫుట్‌బాల్ ఎన్నడూ చూడలేదు. "ఒకనాడు పోస్టుమాన్ కార్డు తెచ్చి, నువ్వేనా మస్తాన్ అన్నాడు, నేనే అన్నాను, ఇచ్చినాడన్నా" అన్నాడు. మీరు ఎంపికైనారు, వెంటనే పెట్టె సర్దుకుని మిల్లుకి రావలెను అని ఉంది కదా, వచ్చేశాడు. ఆ కార్డు ఇంకా దాచుకున్నాడు కూడా, పెట్టెలోంచి తీసి చూపించాడు. శ్రీ మస్తాన్ గారికి, కోట. అంతే, తండ్రి పేరు లేదు. రాత గుండ్రంగా, ముత్యాల్లా ఉంది. నా రాత. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నాకు అప్పగించిన మొదటి పని ఆ నాలుగు కార్డులు రాయడం.

కాబట్టి నాలుగేళ్లలో మా జట్టుకి జరిగిన ఒకే ఒక్క మంచి ఎంపిక కోట పోస్టుమాన్ చేసింది. నేను ఆరోజంతా నోటు పుస్తకం మూసుకుని కూర్చున్నాను. తెల్లారి కొట్టం దగ్గరికి వెళ్లాను. మామ ఎద్దుని కడుగుతున్నాడు. ఆ మస్తాన్ కాదని నీకు తెలుసా అని అడిగితే, చేతిలో గడ్డిచుట్ట ఆపకుండా, "దిగిన రోజే తెలుసు అబ్బయ్యా" అన్నాడు. మిగతాది కూడా చెప్పాడు. "నెత్తిన పెట్టె పెట్టుకొని గేటు కాడ నిలబడినాడు. మిల్లులో ఉద్యోగం వచ్చిందని ఊళ్లో అందురికీ చెప్పి వచ్చినాడంట. వాళ్లమ్మ బస్సు దాకా వచ్చి సాగనంపిందంట. ఇంక ఆ మనిషిని ఎనక్కి ఎట్టా పంపిచ్చేది? పిక్కలు చూసినా, ఏం బాగలా. సుడి గూడా తప్పు చోట ఉండాది." చేతులు మాత్రం పనికొస్తాయనిపించి, రోజూ తెల్లవారుజామున కాలువ గట్టుకి తీసుకెళ్లి, చిన్న గోతాల్లో తవుడు కుక్కి, వాడి మీదికి విసిరేవాడట. పెంకు బరువుకి అలవాటుపడ్డ చేతికి బంతి మరీ తేలికని తవుడు మూటలు. ఒకటి కాదు రెండు కాదు, ఏడాది పాటు. ఆ కార్డు ఎవరు రాశారన్న ప్రసక్తి మామ తేలేదు. ఆయనకు గుర్తులేదు కాబోలనుకుని నేనూ తేలేదు.

ఇక నేను చేసింది చెప్పాలి. రిపోర్టులో ఎంపిక అన్న గడి ఉంది, ఆట అన్న గడి ఉంది, తవుడు మూటలకి గడి లేదు. గడి లేనిది రాయడం ఎట్లాగో నాకు తెలియదు. పైగా నా పద్ధతి మీద నాకు అంత గౌరవం. పొరపాటున వచ్చినవాణ్ని ఏరినవాడి ప్రతిభ కింద జమకట్టడం శాస్త్రం కాదనిపించింది. ఎర్ర సిరా చుట్టు కొట్టేసి, కింద ఇట్లా రాశాను: "పై వ్యక్తికి కార్డు పొరపాటున చేరినది గనుక ఈ ఎంపికను పరిగణనలోనికి తీసుకొనరాదు." చేరినది అన్నాను చూడండి. ఎవరు రాస్తే చేరింది, ఎవరు తండ్రి పేరు మరిస్తే చేరింది అన్న సంగతికి ఆ వాక్యంలో చోటు దొరకలేదు. అంత నిక్కచ్చి మనిషిని నేను.

పెద్దాయన రెండుసార్లు చదివాడు. గోల్‌కీపరు బాగా పడుతున్నాడు కాబట్టి ఎట్లా వచ్చినా ఉండనిద్దామన్నాడు. మామని కొట్టం చూసుకోమన్నాడు. "ఈసారి కుర్చీలో నువ్వు కూచో" అన్నాడు నాతో. ఆ మాట మామకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. విని, మస్తాన్‌ని ఏం చేస్తారట అని అడిగాడు. ఉంచుతారన్నాను. అయితే సరేలే అని ఎద్దు మెడ కింద చెయ్యి పెట్టి నిమురుతూ నిలబడ్డాడు. ఆయనకి బాధ కలగలేదని చెప్పలేను. ఆరోజు ఎద్దుకి నీళ్లు పెట్టడం మర్చిపోయి మళ్లీ వెనక్కి వచ్చాడు.

మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ, విస్తరి వైపే చూస్తూ అంది: "ఆ కార్డు మీద రాత నీదేనని మా తమ్ముడికి మొదటిరోజే తెలుసు. నీ ఉద్యోగం పోతాదని రెండేళ్లు నోరెత్తలా. నువ్వు మాత్రం బాగా రాసినావు నాయనా." ఆ తర్వాత చారు పోసింది. ఆ చారన్నం నేనెట్లా తిన్నానో గుర్తులేదు, తినడం మాత్రం తిన్నాను. పెద్దాయన దగ్గరికి వెళ్లి ఆ రాత నాదని చెప్పాలని చాలాసార్లు మిల్లు వరండా దాకా వెళ్లాను. వరండా దాటలేదు.

వంతుల రోజు పొద్దున్నే మామ మా ఇంటికొచ్చాడు. చేతిలో మడత పెట్టిన నల్ల కోటు. "కోటు లేకుండా కూచోబాకరా, వాళ్లు నిన్ను మనిషి కింద చూడరు" అని తనే తొడిగి, భుజాల దగ్గర దులిపాడు. ఆయన భుజాలు నాకంటే చాలా వెడల్పు. మే నెల, నెల్లూరు, మేడ మీద గది, ఉన్ని కోటు. ఆ పూట నేను ఎవర్ని ఏరానో కూడా సరిగ్గా తెలియనంత చెమట పట్టింది. కుర్చీ చూస్తే మామూలు పేము కుర్చీ, ఒక కాలు పొట్టి, కదిలితే ఊగేది. నా పద్ధతి ప్రకారం మొదటి వంతులో ముత్తుకూరువాణ్ని ఒకణ్ని తీసుకున్నాను. బ్రహ్మాండమైన ఆటగాడు, రెండు నెలలకే ఇంటి మీద బెంగతో వెళ్లిపోయాడు. మిగతావాళ్లు పెట్టెలతో గేటు దగ్గర దిగితే, వాళ్లకి గది చూపించి నేను ఆఫీసులోకి వెళ్లిపోయాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియదు. తెల్లవారుజామున వాళ్లను కాలువ గట్టుకి తీసుకెళ్లింది మామే, ఎవరూ చెప్పకుండానే. వాళ్లలో ఇద్దరు బాగా తేలారు. ఆ ఇద్దర్నీ నా ఎంపిక కిందే రాసుకున్నాను.

రెండేళ్లకి పెద్దాయనకి ఫుట్‌బాల్ మోజు తీరి సినిమా హాలు కట్టుకున్నాడు. మస్తాన్‌ని హాలు గేటు దగ్గర పెట్టారు (అక్కడా ఒక్కణ్నీ లోపలికి పోనిచ్చేవాడు కాదని జనం ఫిర్యాదు). నేను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయి, ముప్ఫై ఏళ్లు ఇంకెవరెవరి పనికో మార్కులు వేస్తూ గడిపాను. మామ పోయి చాలాకాలమైంది. తప్పయిందని ఆయనతో ఒక్కసారీ అనలేకపోయాను. అనబోయినప్పుడల్లా ఆయన ఎద్దుల సంగతి ఎత్తేవాడు.

ఇప్పుడు నా వయసు, మామ ఆ కుర్చీ దిగిననాటి వయసుకంటే ముప్ఫై ఏళ్లు ఎక్కువే. ఏరే పనులేవీ ఎవరూ నాకు చెప్పరు, చెప్పకపోవడమే సుఖంగా ఉంది. ఎప్పుడైనా మా ఆవిడకి మోకాళ్లు నొప్పిగా ఉంటే మాత్రం కూరగాయలకి నన్ను పంపిస్తుంది. ఒక్కొక్క వంకాయా పట్టుకుని, తొడిమ చూసి, నిగారింపు చూసి, పావుగంట నిలబడి ఏరి తెస్తాను. తరిగితే సగం పుచ్చులు. ఆవిడ పుచ్చు తీసేసి, బాగున్నంత మేరకి ముక్కలు కోసి, కారం పెట్టి వండుతుంది. నేను బాగుందని చెప్పి, ఇంకొంచెం అడిగి వేయించుకుంటాను.